పల్చటి నీళ్ళు

నలభై ఏళ్ళుగా గుడ్డలకి రంగులద్దే తొట్టి ముందే నా బతుకు. కొలతలూ గిలతలూ నాకెందుకు? తొట్టిలో వేలు ముంచి చెప్పేస్తా, రంగు పడుతుందో లేదో. పల్చగా కలిపిన రంగంటే నాకు ఒళ్ళు మంట.

ఆ పొగరే నా మనవడి ప్రాణం మీదికి తెచ్చింది.

బుడ్డోడికి పద్నాలుగు నెలలు. పొద్దున్నుంచీ నీళ్ళవిరేచనాలవుతుంటే ఆరోగ్యకేంద్రంలో ఓఆర్ఎస్ పొట్లాలిచ్చారు. కోడలు పొట్లం మీదున్నది చదివి లీటరు సీసా తీసింది.

"అంత నీళ్ళలోనా? మందు ఏ మూలకి? ఇటివ్వు!" అని లాక్కుని, పొట్లం మొత్తం ఒక్క గ్లాసులో కలిపేశా. చిక్కగా ఉంటేనే కదా పట్టేది!

"అత్తయ్యా, లీటరని రాసుంది..."

"రాసినోడు ఎంతమంది పిల్లల్ని పెంచాడో అడిగిరా," అన్నా. సీసా పక్కన పెట్టేసింది పాపం.

అలాగే ఇంకో రెండు పొట్లాలు పట్టించా. మర్నాటికి తేరుకోవాల్సినవాడు వడిలిపోయాడు. గ్లాసు కనిపిస్తే ఎగబడి తాగుతున్నాడు, కక్కుతున్నాడు. ఏడిస్తే కన్నీళ్ళు లేవు. వాణ్ణి ఎత్తుకుని ఇద్దరం ఆరోగ్యకేంద్రానికి పరిగెత్తాం.

నర్సమ్మ వాడి పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు.

"విరేచనంలో రక్తం, జిగురు పడ్డాయా?"

"లేదమ్మా, ఒట్టి నీళ్ళే," అన్నా.

"పొట్లం ఎన్ని నీళ్ళలో కలిపారు?"

కోడలు తలొంచుకుని, "గ్లాసుడులో. నేనే తప్పు కలిపానండీ," అంది.

నా తల కొట్టేసినట్టయింది. "అబద్ధం! దాని మాట వినకుండా కలిపింది నేను," అన్నా.

"అంత ఉప్పు లోపలికెళితే ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా లాగేస్తుందమ్మా," అంది నర్సమ్మ. తర్వాత నా గోళ్ళలో రంగు చూసింది. "ఈ చేతులేనా తాగే నీళ్ళ బిందెలో ముంచేది? జబ్బు అలా కూడా వస్తుంది. సబ్బుతో కడుక్కోండి, పొడుగు పిడి గరిటెతో తీసుకోండి."

డాక్టరుగారు వచ్చి చూశారు. జింకు మందు పద్నాలుగు రోజులు వెయ్యమన్నారు. తల్లిపాలు, తిండి ఆపొద్దన్నారు. "ఇక్కడే కూర్చుని చెంచాతో పట్టండి. నాలుగు గంటల్లో ఒంటేలు పోస్తే సరే. లేదంటే పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కించాలి."

ఈసారి కోడలే కలిపింది, లీటరుకి చుక్క తేడా లేకుండా. వాడు నా ఒళ్ళో. చెంచా, ఆగడం, మళ్ళీ చెంచా. గోడ గడియారం మూడు గంటలు తిరిగింది. వాడి లాగు పొడిగానే ఉంది. పోయ్ నాన్నా, నీకు దణ్ణం పెడతా, పోయ్ అని గొణుగుతూనే ఉన్నా.

ఒళ్ళో వెచ్చగా తగిలింది.

"తడిపేశాడే! నన్ను నిలువునా తడిపేశాడే!" అని కేక పెట్టా. కోడలు ఏడుస్తూ నవ్వింది.

"బట్టలు మార్చుకోండి అత్తయ్యా."

"మార్చుకోను పో," అని సీసా దాని చేతికిచ్చా. "అయిపోవచ్చింది. నువ్వే కలుపు తల్లీ. అందులో ఎలా రాసుంటే అలా."