జములమ్మ పాటలో ఖాళీలు

వనపర్తిలో ఇరవై ఏళ్లుగా హార్మోనియం నేర్పుతున్నాను. శ్రుతి తప్పితే చిన్నా పెద్దా చూడను, మొహం మీదే చెప్పేస్తాను. అందుకే మహేశ్వర్ సార్ అంటే పిల్లలకు హడల్. దాన్ని గౌరవం అనుకున్నాను.

పద్మజ నా దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు హైదరాబాదులో ఇంకో ఇద్దరితో కలిసి, పాట వినిపిస్తే తెలుగులో స్వరాలు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. దానికి నమూనాగా మన పాలమూరు పాటలు కొన్ని రాసిపెట్టే పని నాకిచ్చింది. "సార్, ఉన్నదున్నట్టే రాయండి. ఆగినకాడ ఆగినట్టే ఉండాలె. మీరు రాసింది చూసే మా ప్రోగ్రాం నేర్చుకుంటది" అని మరీ మరీ చెప్పింది. నాకే పాఠాలు చెప్తోందా అని లోపల మండింది కూడా.

పెద్దమందడిలో జములమ్మ నాట్ల పాటలకు పెట్టింది పేరు. వాళ్లింటి అరుగు మీద కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఒక పాదం పాడేది, నోరు మూసుకుని కాసేపు ఊరుకునేది, మళ్లీ మొదలుపెట్టేది. పాట మొత్తంలో ఇరవై మూడు సార్లు ఇదే తంతు. డెబ్బై దాటిన మనిషి, ఆయాసమో మతిమరుపో అనుకున్నాను. ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుని, పద్మజ సాఫ్ట్‌వేర్‌లో స్వరాలు రాస్తూ ఆ ఖాళీలన్నీ ఏరి తీసేశాను. మిగిలింది ఆదితాళంలో చక్కగా ఒదిగింది. ముసలమ్మ పాటను బాగుచేశానన్న సంబరంతో ఆ పూట ఇంకో కప్పు చాయ్ కూడా తాగాను.

నెల తర్వాత పద్మజ వచ్చింది. ఆ పాటను బడి పిల్లలకు నేర్పాలని వాళ్ల ఆలోచన. కానీ పాడినామె విని ఒప్పుకుంటేనే అది బడికి పోవాలట. అదే అరుగు మీద లాప్‌టాప్ పెట్టాం. జములమ్మతో నాట్లకు పోయే ఆడవాళ్లు నలుగురు, కాళ్ల బురద ఆరకముందే వచ్చి కూర్చున్నారు.

నేను రాసిన స్వరాల ప్రకారం పాట మొదలైంది. మొదటి పాదం కాగానే ఆ నలుగురూ గొంతెత్తబోయారు. అంతలోనే రెండో పాదం వచ్చిపడింది. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అంతే. మూడోసారికి మానుకున్నారు.

"బాగనే ఉంది గని, వీళ్ల వంతేది బిడ్డా?" అంది జములమ్మ. "నేనొకటంటే వీళ్లొకటి అందుకోవాలె. వీళ్లు పాడినంతసేపే నాకు జర ఊపిరి. అందుకే గద నేను ఆడాడ ఆగింది."

ఆమె ఏదీ మరిచిపోలేదు. ఒక్కతే కూర్చుని పాడినా, పక్కన లేనివాళ్ల వంతు వాళ్లకు వదిలిపెట్టింది.

పద్మజ నా వైపు చూసింది.

"సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది" అన్నాను. నోరెలా వచ్చిందో! ఆడలేక మద్దెల ఓడన్నాడట. ఆ సామెతతో నేను ఎంతమంది పిల్లల్ని ఏడిపించానో లెక్కలేదు.

ఎవరు ఎక్కడ ఏం మార్చారో చూపించే పట్టిక ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే నా పేరు బయటపడేది. పద్మజ నొక్కలేదు. గురువు మాట మీద ఆ పిల్లకు అనుమానమే రాలేదు. జములమ్మ రెండు చేతులూ పట్టుకుని, "తప్పు నాదే అవ్వా. నేను రాసిన ప్రోగ్రామే ఖరాబున్నది. సక్కగ చేసి మళ్లొస్త" అంది. కళ్లల్లో నీళ్లు. సిగ్గుతో చచ్చిపోతూనే లాప్‌టాప్ తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

"అయ్యో, నువ్వెందుకు పరేషానైతవ్ బిడ్డా" అంటూ జములమ్మ ఆమె తల నిమిరింది. "మిషినుకేమెరుక? మనిషైతే తీసే ముంగట నన్నొక మాట అడగకపోవునా?"

నన్ను దెప్పడానికి అనలేదు ఆ మాట. నేనూ మనిషినే అన్న నమ్మకంతో అంది.

"నేనే తీసిన అవ్వా" అన్నాను. "నిన్ను అడగలె."

నా మొహం చూడటానికి తమకే సిగ్గైనట్టు ఆ నలుగురూ తలలు పక్కకు తిప్పుకున్నారు. పద్మజ మాత్రం చూస్తూనే ఉంది.