కానుగ వైపు గది

ఇల్లు చూడబోయే రోజైనా సరే, సంగటి కెలికిపెట్టకుండా గడప దాటడానికి లేదు మా ఇంట్లో. రాగిపిండి పోసి, ముద్దలు చేసి, పులుసు కాచి, గిన్నెలు తోమి నేను చేతులు తుడుచుకునేసరికి మా ఆయన గోవిందరాజ్ తలకు నూనె రాసుకుని బండెక్కి హారన్ కొడుతున్నాడు. "ఆడోళ్ళు బయల్దేరేదంటే అంతే, పొద్దు మళ్ళిపోతాది. నేను ముందు పోతాను, మీరు బస్సులో రండి" అని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళం కాబట్టి నాకూ మా అత్తకూ టికెట్టు లేదు కదా, బస్సు అందుకే పెట్టారని ఆయన నమ్మకం.

మా ఊరు ఇండూరులో మాకున్నవి రెండు గదులు. ముందుది మా అత్త నాగవేణమ్మది, దేవుడిది, టీవీది. రెండోది మా ఆయనది, ఆయన కమిషన్‌కు అమ్మే విత్తనాల మూటలది. నాకు పొయ్యి ఉంది కదా, ఇంకేం కావాలి! పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు, తలుపు వేసుకుని కూర్చున్నదెప్పుడో గుర్తు లేదు. నెలలో మూడు రోజులు మాత్రం వెనక రేకుల కొట్టంలో ఉండేదాన్ని. ముట్టును మా వాళ్ళు 'ఇంటికి దూరం' అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ కొట్టంలో సిగ్గుతో ఏడ్చాను. తర్వాత తర్వాత ఆ మూడు రోజుల కోసమే కాచుకోవడం మొదలుపెట్టాను. పొయ్యి ముట్టకూడదు, నీళ్ళు తోడకూడదు, ఎవరూ పిలవకూడదు. అత్త కంచం తెచ్చి దూరంగా పెట్టి వెళ్తుంది. తల దువ్వుకుంటాను, పాత వారపత్రికలు చదువుకుంటాను, పగలే నిద్రపోతాను. నాకిప్పుడు నలభై తొమ్మిది. ఎనిమిది నెలల కిందట అది నిలిచిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. తేదీ చూసుకుని, మూడు రోజులు కొట్టంలోకి పోయి కూర్చుంటూనే ఉన్నాను. తప్పంటే తప్పే, దొంగతనమంటే దొంగతనమే. ఇంకెలా దొరుకుతుంది నాకు?

మహేంద్రమంగళంలో మా నాన్న నేల రోడ్డుకు పోయినప్పుడు నా వంతు చెక్కు నా పేరునే వచ్చింది. అది రావడంతోటే మా ఆయనకు టౌను కాపురం మీద మనసు పడింది. ఆయన కోరింది బైపాస్ పక్కన కొత్తగా లేచిన అపార్టుమెంటు. లిఫ్టుంది, గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న మనిషున్నాడు. పోయిన వారం చూశాం. గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఈ రోజు చూసేది టౌను చివర చెట్ల కాలనీలో ముప్పై ఏళ్ళ నాటి మూడంతస్తుల కట్టడం. ఎనిమిది ఇళ్ళు, చుట్టూ వేపలు, కానుగలు. బ్రోకరు తమిళ్‌సెల్వన్ మాకోసం మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "పాతదే అక్కా, కానీ కింద నేలలో ఎనిమిదో వంతు మీ పేరున రాసిస్తారు. కొత్తవాటిలో అంత నేల ఎక్కడొస్తుంది?" అన్నాడు.

లోపల అడుగుపెట్టాను. ఎంత చోటు! కాలి కింద చల్లటి మొజాయిక్ నేల, బీరువా పట్టేంత మందం గోడలు, ఇద్దరు పక్కపక్కన నిలబడి పనిచేసుకోగల వంటిల్లు. వంటింటి వెనక ఇంకో గది. దానికి సొంత తలుపు, సొంత స్నానాలగది, గోడలో నాలుగు అరలు. కిటికీ తెరిస్తే కానుగ కొమ్మ చేతికి అందుతోంది. కిటికీ కింద మంచం వేసుకున్నాను, అరల్లో పత్రికలు సర్దుకున్నాను, తలుపు గడియ పెట్టుకున్నాను, అన్నీ మనసులోనే. దేవుడా, ఇది నాదైతే చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

"పెయింటంతా పోయిండాది. లిఫ్టు లేదు. ఎవుడుంటాడు ఇక్కడ?" అన్నాడు మా ఆయన.

అత్త ఒక్కో గదీ చూసుకుంటూ నా వెనకే ఆ గదిలోకి వచ్చింది. కొళాయి తిప్పింది, తలుపు వేసి తీసింది. "ఒరే గోవిందా, ఇదే కొనుక్కుందాము. ఇంటికి దూరమైతే కలైవాణి ఈడ ఉండొచ్చు. కొత్తదాంట్లో అట్లా చోటేదిరా?"

అమ్మ మాట వినగానే మా ఆయనకు పెయింటు గుర్తు రాలేదు. "సరి, నువ్వు చెప్తే సరే. మూడు దినాలు దీనికి, మిగిలిన దినాలు నా మూటలకు."

ఇల్లు దొరికింది. నోరు మూసుకుంటే నెలకు మూడు రోజులు గది కూడా దొరుకుతుంది. యాభై అయిదేళ్ళొచ్చేదాకా ఈ నాటకం ఆడొచ్చేమో. చెప్పేస్తే ఆ మూడు రోజులూ పోవచ్చు, ఇక కొట్టం కూడా ఉండదు. తమిళ్‌సెల్వన్ ఫోనొచ్చి మెట్లు దిగిపోయాక అత్త వైపు తిరిగాను.

"అత్తా, నాకు నిలిచిపోయి ఎనిమిది నెలలైంది. ఏమీ లేకపోయినా సుమ్మా పోయి కూర్చుంటా ఉన్నాను కొట్టంలో. ఈ గది నాకు నెలంతా కావాల. ఇందులో మూటలు పడితే నేను సంతకం పెట్టను."

మా ఆయన ముఖం ఎర్రబడింది. "ఎనిమిది నెలలు మా అమ్మ దగ్గర చాకిరీ చేయించుకుంటివా? సిగ్గు లేదా నీకు?"

"ఇరవై ఏడేండ్లు నేను చేసింది ఏంటి మామా?" అన్నాను.

అత్త అరుస్తుందని కాచుకున్నాను. ఆమె నా ముఖం కేసి ఒకసారి చూసి కొడుకు వైపు తిరిగింది. "ఆడోళ్ళ మాటల్లో నీకేం పని? కిందికి పోయి ఆ బ్రోకరుతో మాట్లాడు. మూటలకు ఏదైనా షెడ్డు చూసుకో."

ఆయన గొణుక్కుంటూ దిగిపోయాడు. చెప్పుల చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా అత్త తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"ఎనిమిది నెలలేనా? నేను రెండేండ్లు కూర్చుంటినే."