మైకు ఆపిన పది నిమిషాలు

మునిరత్నం వైరు చుట్టను భుజాన వేసుకొని, ఒక్కో చుట్టే వదులుతూ రోడ్డు వారగా నడిచాడు. స్తంభానికి కట్టిన మైకు గొట్టం దాకా వైరు సరిపోయింది. వెనక్కి వచ్చి ఆటోలో కూర్చొని, యాంప్లిఫయరు మీది దుమ్మును తుండుతో తుడిచి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో... హలో... ఒకటి, రెండు, మూడు."

పూతలపట్టు కూడలిలో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆ మూడంకెలు దాటి అది ఇంకేమైనా మాట్లాడగా విన్నవాళ్ళూ లేరు. ముప్పై ఐదేళ్ళుగా పెళ్ళిళ్ళకూ జాతరలకూ ఓట్లకూ మైకు కట్టి, "మూడు" అనగానే దాన్ని ఇంకొకరి చేతికిచ్చి పక్కకు తప్పుకోవడమే అతని పని. యాభై ఎనిమిదేళ్ళు. ఎండకు నల్లబడిన సన్నటి మనిషి. గొట్టాల పక్కనే బతికి కుడిచెవి సగం పోయింది. పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్నే ఒక్కడికే వండుకొని, క్యారియరు కట్టుకొని బయలుదేరతాడు.

సరిహద్దులో గొడవ మొదలై నాలుగు రోజులైంది. సిమెంటు అంగడి రూపేష్ ఊరివాళ్ళను కూడగట్టి ర్యాలీ పెట్టాడు. ముప్పై ఏళ్ళవాడు, మెడలో మూడు రంగుల కండువా, చేతిలో నినాదాలు రాసుకున్న కాగితం.

"అన్నా, చిత్తూరు దాకా ఇనపడాల సూడు," అంటూ మైకు అందుకున్నాడు.

"సైనికులారా, మీ వెంటే మేమున్నాం!"

మునిరత్నం తనకు తెలియకుండానే వాల్యూం కొంచెం పెంచాడు. కాసేపటికి నినాదం మారింది.

"యుద్ధం కావాలి!"

"కావాలి! కావాలి!"

అతని చెయ్యి వాల్యూం మీదికి వెళ్ళి, ఆగి, మళ్ళీ తొడ మీదికి వచ్చింది. బాడుగకు పిలిచినవాళ్ళ మాటే మైకు మాట. తనకెందుకు?

ఇరవై ఆరేళ్ళ కిందట సిపాయిగా పోయిన తమ్ముడు ప్రేమానందం మంచుకొండల నుంచి పెట్టెలో వచ్చినప్పుడు కూడా ఈ కూడలిలో మోగింది అతని మైకే. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు గొంతులు చించుకున్నారు. పెట్టె మీద చెయ్యి వేసి అమ్మ ఏదో అంటూ ఉంది. పెదాలు కదలడం కనిపించింది కానీ మాట వినబడలేదు. మైకు ఆపుదామనుకున్నాడు. అంత పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఆపడానికి చెయ్యి రాలేదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అమ్మ, "ఏముందిలే నాయనా," అనేది. ఆమె పోయి కూడా పదేళ్ళు దాటింది.

ఒంటిగంట కాబోతుండగా గుణశేఖర్ వచ్చాడు. మునిరత్నం వీధిలో చివరి ఇల్లు అతనిది. పన్నెండేళ్ళుగా పటాలంలో ఉన్నాడు. మొన్ననే సెలవు మీద వచ్చాడు. మామూలు ప్యాంటు, చొక్కా, భుజాన పచ్చ సంచి. గుంపులో ఎవరూ అతన్ని పట్టించుకోలేదు.

"ఏం గుణా, యాడికి?"

"పటాలం నించి పిలిచినారన్నా. సెలవు లేదంట. తిరుపతి బస్సెక్కి రేణిగుంటకు పోవాల." ఫోనూ ఛార్జరూ బయటికి తీశాడు. "పొద్దున్నుంచి కరెంటు లేక ఇది సచ్చిపోయింది. రొంచేపు నీ బ్యాటరీకి తగిలించుకుంటా. ఒంటిగంటకు భాను చేస్తాది."

భానుప్రియ అతని భార్య. శ్రీసిటీ ఫ్యాక్టరీలో పని, అక్కడే హాస్టల్లో ఉంటుంది. మధ్యాహ్నం అన్నానికి వదిలినప్పుడు పది నిమిషాలు మాత్రమే ఫోను చేతికొస్తుంది. మొగుణ్ణి చూడటానికి శనివారం రావాలనుకుంది. అతను ఈరోజే వెళ్ళిపోతున్నట్టు ఆమెకింకా తెలియదు.

ఛార్జరు పెట్టి ఆన్ చేసిన కాసేపటికే ఫోను మోగింది. గుణశేఖర్ ఆటో పక్కన వంగి, రెండో చెవి అరచేత్తో మూసుకున్నాడు.

"భానూ... ఇనపడతా ఉండాదా?... ఏమీ?... ఏమంటా ఉండావు?"

పైన గొట్టం "కావాలి, కావాలి" అని అరుస్తోంది. గుణశేఖర్ పెదాలు కదులుతున్నాయి. మునిరత్నానికి మాట వినబడలేదు.

చెయ్యి చాపి మైకు ఆపేశాడు.

రూపేష్ గొంతు ఒక్కసారిగా పీలగా అయిపోయింది. రెండుసార్లు ఒట్టి గొంతుతో అరిచి చూసి, ఆటో దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందన్నా?"

"నేనే ఆపినా."

"ఎందుకు? మేం అరిసేది సిపాయిల కోసం గదా!"

"ఈయప్ప సిపాయే. ఇంటామెతో మాట్లాడతా ఉండాడు. ఈయప్ప కోసమే ఆపినా."

రూపేష్ అప్పుడు గుణశేఖర్‌ను చూశాడు. ముఖం వెలిగిపోయింది. "మనూరి జవానా! మైకులో రెండు మాటలు సెప్పించి పంపిద్దాం," అంటూ వీడియో తీయడానికి ఫోను ఎత్తాడు.

మునిరత్నం దిగి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. చెయ్యి ఆ ఫోనుకు అడ్డం పెట్టాడు. "ఆ మాటలు ఇంటామెకబ్బా. మైకుకు కాదు."

"ఇంక యా పనికీ నీ మైకు పిలవం, సూడు."

"సరే."

రూపేష్ ఎత్తిన ఫోను నెమ్మదిగా దించాడు. కూడలి సద్దుమణిగింది. గుణశేఖర్ మాటలు ఇప్పుడు మునిరత్నం ఎడమచెవికి స్పష్టంగా వినబడుతున్నాయి.

"తిన్నావా?... శనివారం నువ్వు రావొద్దులే. నేను పోతా ఉండా... ఈ పొద్దే... ఏడిస్తే ఎట్ల భానూ, ఆడ అందురూ సూస్తారు... తిను. నువ్వు తినేదాకా లైన్లోనే ఉంటా."

తర్వాత ఫోను చెవికి ఆనించుకొని, తల వంచుకొని నిలబడ్డాడు. అవతల ఆమె తింటున్నట్టుంది. మధ్యలో ఒకసారి, "రొంత నీళ్ళు తాగు," అన్నాడు.

తిరుపతి బస్సు వచ్చింది. గుణశేఖర్ వైరు నుంచి ఫోను లాక్కొని, సంచి భుజానికెత్తుకొని పరుగెత్తాడు. ఎవరో జై కొట్టారు. అతను మెట్టు మీద నిలబడి, "వస్తా అన్నా," అన్నాడు మునిరత్నంతో. బస్సు కదిలింది.

ర్యాలీ డప్పులతో ముందుకు సాగిపోయింది. మునిరత్నం గొట్టం విప్పి, వైరు చుట్టి, ఖాళీ కూడలిలో క్యారియరు తెరిచాడు. రెండు ముద్దలు తిన్నాక బ్యాటరీ పక్కన వేలాడుతున్న ఛార్జరు కంటబడింది. లేచి రోడ్డు వైపు చూశాడు. బస్సు ఎప్పుడో కనుమరుగైంది.

పటాలంలో ఒకరిది ఒకరికి మారిపోకుండా ఆ ఛార్జరుకు తెల్లటి ప్లాస్టరు అంటించి, బాల్‌పెన్నుతో పేరు రాసి ఉంది. చేతి చెమటకు చెరిగిపోగా "గుణ" అన్న రెండక్షరాలే మిగిలాయి.