గోవిందు గాలిమర

మూడు రెక్కలే కదా, ఇంట్లో ఫ్యానుకూ మూడే, అది కరెంటు తిని గాలి ఇస్తుంది, ఇది గాలి తిని కరెంటు ఇస్తుంది, అంతే తేడా, ఇందులో మోసం ఏముంటుంది అనుకుంటూ గోవిందు మిద్దె మెట్ల మీద కూర్చుని ఫోనులో ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేశాడు, తెల్లటి స్తంభం, ఆకుపచ్చ రెక్కలు, ఇంటికే గాలిమర, చవక ధర అని పెద్ద అక్షరాలు, కింద నవ్వుతున్న మొగుడూ పెళ్లామూ, వాళ్ల చేతుల్లో ఒక పసిపిల్ల, ఆ పిల్ల దగ్గర చూపు ఆగిపోయింది, తన బిడ్డకు ఈపాటికి మెడ నిలిచిందో లేదో, నిలిచే ఉంటుంది, అయితే ఆ ముచ్చట ముందుగా చూసినవాడు ఇక్కడ పెద్దమందడిలో ఉన్న కన్నతండ్రి కాదు, అక్కడ కల్వకుర్తిలో ఉన్న సడ్డకుడు శ్రీశైలం.

శ్రీశైలం అంటే గోవిందు పెళ్లాం ఉమకు చెల్లెలి మొగుడు, మార్కెట్ దగ్గర విత్తనాల దుకాణం, మాట మెత్తన, నడక మెత్తన, వంక పెట్టడానికి ఎక్కడా సందు దొరకని మనిషి, గోవిందు కడుపు మండేది కూడా అక్కడే, తిట్టుకోవడానికి ఒక్క తప్పయినా చేయడేం వీడు, కొడుకులు లేని అత్త బాలనాగమ్మ చిన్నకూతురి దగ్గరే ఉంటుంది కాబట్టి ఉమ పురిటికి పోవాల్సింది ఆ ఇంటికే, సరే పోయింది, కన్నది, తొట్టెల పండుగ కూడా అయింది, ఇక తోలుకపోత అంటే అత్త ఏమంది, ఎండలు జర తగ్గనియ్యి బిడ్డా, మీ ఊర్ల కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో తెల్వదు, ఈడైతే చిన్నల్లుడు మిద్దె మీద సోలార్ పెట్టిచ్చిండు, ఫ్యాను ఆగే ముచ్చటే లేదు, పసిగుడ్డు మంచిగ పండుకుంటది, అంటూ ఆమె తల ఎత్తి ఆ ఫ్యాను వైపు చూసిన చూపు ఉందే, గుళ్లో దేవుడిని కూడా అంత భక్తిగా చూడదు, పెద్దల్లుడు అక్కడే నిలబడి ఉన్నాడన్న సోయి కూడా లేదు ఆమెకు, అసూయ, అవును, అసూయే, కాదని ఎవరన్నారు.

తానూ సోలారే పెట్టిస్తే వాడి వెనక పోయినట్లవుతుంది, అన్నా, నన్నడిగితే నేనే మంచి మనిషిని తోలిస్తుంటి గదా అంటాడు, అనడమేనా, నిజంగానే తోలిస్తాడు, దగ్గరుండి బిగించి చాయ్ కూడా తాగకుండా పోతాడు, ఆ మంచితనాన్ని భరించడం ఎవరి తరం, అందుకే గాలిమర, సోలార్ పలకలు మిద్దె మీద పడుకుని ఉంటాయి, పైకెక్కితే గాని కనబడవు, ఇది ఊళ్లోకి బస్సు మలుపు తిరగగానే కనబడుతుంది, శ్రీశైలం దిగి మెడ ఎత్తి చూస్తాడు, అన్నా, గిదేంది అంటాడు, ఏం లేదు తమ్మీ, బిడ్డ కోసం పెట్టిచ్చిన, అంటాడు తను, ఎంత తేలిగ్గా అనాలో కూడా రెండు మూడుసార్లు లోపల అనుకుని చూసుకున్నాడు, బొమ్మ కింద కొన్నవాళ్ల మాటలున్నాయి, ఒకడు సూపర్ అన్నాడు, ఇంకొకడు చిన్న బల్బు కూడా వెలగలేదని, రెక్క విరిగి పక్కింటి రేకుల మీద పడిందని రాశాడు, వాడికి బిగించుకోవడం రాక ఉంటుంది, అయినా మన ఊళ్లో కరెంటు పోయేదే గాలిదుమారం లేచినప్పుడు, గాలికే కదా తీగలు తెగేది, సరిగ్గా అప్పుడే కదా ఇది తిరిగేది, ఇంతకంటే కుదిరిన బేరం ఏముంటుంది, వేలు కొనే మీట మీదికి పోయింది.

పోయి ఆగింది, ఎంతైనా పల్లీ పండించే ఒళ్లు, గాలిని చూడకుండా చాట ఎత్తదు, తూర్పార పట్టే ముందు నాయన పిడికెడు పొట్టు తీసి పైకి వదిలేవాడు, పక్కకు కొట్టుకపోతే చాట ఎత్తు, లేదంటే నీడకు కూసో అనేవాడు, గోవిందు కూడా మూలనున్న సంచిలోంచి పిడికిట నిండా పల్లిపొట్టు తీసుకుని మిద్దె ఎక్కాడు, ఎండ మాడు మీద కొట్టింది, వీధిలో వేపచెట్టు ఆకు కదలడం లేదు, చెయ్యెత్తి వదిలాడు, పొట్టు నేరుగా దిగి అతని తల మీదే పడింది, మళ్లీ వదిలాడు, మళ్లీ అంతే, పక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్న జంగమ్మ, ఏంది గోవిందూ, మిద్దె మీద తూర్పార పడ్తున్నవా, గీ ఎండల గాలేడిది, అని నవ్వింది, గాలి లేదని తనకు మాత్రం తెలియదా, కల్లంలో గాలి కోసం ఎన్ని మధ్యాహ్నాలు ఈగలు తోలుకుంటూ కూర్చోలేదు, తెలుసు, తెలిసీ కొనాలనే ఉంది, తిరగని దాన్ని ఏం చేసుకుంటావురా అంటే, కనబడుతుంది కదా అంటోంది మనసు, ఎవరికిరా, శ్రీశైలానికి, అప్పుడు గోవిందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఇదంతా మొదలైంది దవాఖానలో, నర్సు బట్టలో చుట్టి తెచ్చిన బిడ్డను చేతుల్లో పెడితే అది గుక్కపట్టి ఏడ్చింది, ఎట్లా పట్టుకోవాలో తోచక చేతులు కొయ్యబారిపోయాయి, ఇటియ్యి అన్నా అన్నాడు శ్రీశైలం, అప్పటికే ఇద్దరు పిల్లలను ఆడించిన చేతులు, బిడ్డ టక్కున ఊరుకుంది, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు, తర్వాత కల్వకుర్తి పోయిన ప్రతిసారీ గడప దగ్గరే నిలబడి, పొలంలో పని ఉందని తిరిగొచ్చాడు, ఉమ నిన్న ఫోనులో అననే అంది, వచ్చినప్పుడల్లా మిద్దె దిక్కు చూస్తవు, బ్యాటరీ ముచ్చట అడుగుతవు, బిడ్డను ఒక్కపారన్న ఎత్తుకున్నవా, ఏడిస్తే ఏడ్వనియ్యి, నీ చేతులు అలవాటు కావద్దా దానికి, అని, దానికి తను ఏమన్నాడు, గాలిమర తెప్పిస్తున్న అన్నాడు, ఆమె ఫోను పెట్టేసింది.

ఇటియ్యి అన్నా, అని అడిగాడు శ్రీశైలం, అడిగాడంతే, ఆ మాట ఇంకొకసారి చెవుల్లో వినబడేసరికి గోవిందు పొట్టు రాలిన మిద్దె మీద అలాగే నిలబడిపోయాడు, లాక్కోలేదు, ఎవరూ లాక్కోలేదు, తనే ఇచ్చేశాడు, ఒక్కసారి ఏడ్చినందుకే తన బిడ్డను ఇచ్చేశాడు, ఇచ్చేసి మళ్లీ అడగలేదు, వాడి ఫ్యానునూ వాడి మిద్దెనూ చూసి కుళ్లుకుంటూ ఇన్నాళ్లూ గడిపేశాడు, ఫోను జేబులో పెట్టి కిందికి దిగాడు, నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్దుకోసాగాడు, గోళ్ల సందుల్లోనూ రుద్దాడు, పల్లిపొట్టు దుమ్ము పసిపిల్ల ఒంటికి దురద పెడుతుంది, కల్వకుర్తి చేరేసరికి సాయంత్రమవుతుంది, బిడ్డ కొత్త మొఖాన్ని చూసి ఏడుస్తుంది, ఏడ్వనీ, శ్రీశైలం లేచి చేతులు చాస్తాడు, చాపనీ, ఈసారి ఎంత ఏడ్చినా ఇయ్య అనుకున్నాడు.