ఒక్క కీర్తన పాడించు

లండన్‌లో పీపాలు చేసే గిల్బర్ట్ పది రోజులుగా ఒక నాటకశాల గుమ్మం దగ్గరే నిలబడుతున్నాడు. బడికి వెళుతున్న అతని కొడుకు ఆంబ్రోస్‌ను నడివీధిలో పట్టుకొచ్చి అందులో వేషాలు వేయిస్తున్నారు. అడిగిన ప్రతిసారీ కంపెనీ యజమాని పెల్ ఒకే కాగితం ఊపేవాడు.

"రాణిగారి ముద్ర, చూశావా? ఆమె ప్రార్థనామందిరంలో పాడడానికి ఏ పిల్లాణ్ణయినా పట్టుకెళ్లొచ్చు. నోరెత్తితే జైలే."

ఇంటికెళ్లి చెప్పుకోవడానికి గిల్బర్ట్‌కు భార్య లేదు. ప్లేగు తీసుకుపోయింది. ఆమె పాడితే వీధిలో జనం ఆగేవారు. ఆ గొంతు కొడుక్కి రాలేదు. చర్చిలో వాడు నోరు తెరిస్తే ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అది గుర్తొచ్చి ఆగిపోయాడు. కాగితం పాడేవాళ్ల కోసం. నాటకమాడేవాళ్ల కోసం కాదు.

మర్నాడు మధ్యాహ్నం పెళ్లినాటి కోటు తొడుక్కుని, వేదిక మీద పెద్దమనుషులు కూర్చునే పీటకు డబ్బు కట్టి కూర్చున్నాడు. అక్కడ నటులంతా మగపిల్లలే, ఆడవేషాలూ వాళ్లవే. ఆంబ్రోస్ రాకుమారి గౌనులో వచ్చాడు. చేతుల మీది బెత్తం వాతలను తెల్లరంగు కప్పలేకపోయింది.

అంకం ముగిసింది. కొవ్వొత్తుల వత్తులు కత్తిరించడానికి ఆట ఆపారు. గిల్బర్ట్ లేచి, తెర పక్కన నిలబడ్డ పెల్ వైపు తిరిగాడు.

"ఏమయ్యా పెల్, రాణిగారి మందిరంలో పాడడానికేగా మావాణ్ణి ఎత్తుకొచ్చావు? ఒక్క కీర్తన పాడించు."

"కూర్చో పీపాలోడా!"

పక్క పీట మీది దొర నోట్లోని పొగాకు గొట్టం తీసి నవ్వాడు. "పాడించవయ్యా. రాణిగారు వినే గొంతు మేమూ వింటాం."

"పాడాలి! పాడాలి!" బల్లల మీంచి కేకలు.

పెల్ మొహం పాలిపోయింది. "వాడికి... జలుబండీ."

"గంటసేపు పద్యాలు చెప్పినోడికి ఇప్పుడే పట్టిందా?" అన్నాడు గిల్బర్ట్. "ఒరే, మీ అమ్మ నేర్పింది పాడరా."

ఆంబ్రోస్ తండ్రిని చూశాడు. గొంతెత్తాడు. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టుంది. శాల గొల్లుమంది. వాడు ఆగలేదు. చివరి చరణం దాకా పాడాడు.

"ఈ గొంతునా రాణిగారి మందిరానికి తెచ్చావు?" అన్నాడు దొర, చెవులు మూసుకుని. "రాణిగారి ముద్ర చూపించి నీ నాటకాలకు పిల్లల్ని పడుతున్నావని రేపు దర్బారులో చెప్తానుండు."

పెల్ కాగితం తీయలేదు. గిల్బర్ట్ కొడుకు చెయ్యి పట్టుకుని జనం మధ్య నుంచే నడిచాడు.

"గౌను! గౌను ఇచ్చి పోరా!" వెనక నుంచి అరిచాడు పెల్.

"ముద్ర పట్టుకుని ఇంటికి రా. ఇస్తాను."

వీధిలోకి వచ్చాక ఆంబ్రోస్ అడిగాడు. "నాన్నా, అంత ఘోరంగా పాడానా?"

"మీ అమ్మ వినుంటే ఏడ్చేది," అన్నాడు గిల్బర్ట్. "ఇంకోసారి పాడు. గట్టిగా."