మారయ్య ఇంటి ఓనరు

ఖాళీ చెయ్యమని ఎవరూ అనని ఇంట్లో కాలు చాపుకుని పడుకోవాలి, నలుగురూ తనను ఇంటి ఓనరు అనాలి. మారయ్యకు ఇంతకు మించి కోరికలు లేవు. ఆర్టీసీలో కండక్టరుగా చేసినన్నాళ్లూ నల్లగొండలో కిరాయి ఇండ్లల్లోనే బతికాడు. మేకు కొడితే ఒక ఓనరు మూతి ముడిచేవాడు, చుట్టాలొస్తే ఇంకొక ఓనరు నీళ్ల మోటారు బంద్ పెట్టేవాడు. బిడ్డ పెండ్లి పందిరి విప్పకముందే ఒక మహానుభావుడు వచ్చే నెల వేరే ఇల్లు చూసుకోమన్నాడు. అందుకే రిటైరు కాకముందే చిట్యాల దాటాక కొత్త వెంచర్‌లో జాగా కొని ఇల్లు మొదలుపెట్టాడు. మొదలుపెట్టాడని మాట వరసకు అనాలి. ముగ్గు పోసిన నాడు కనిపించినవాడు మళ్లీ కనిపించలేదు. డ్యూటీ వదలడు కదా. మిగతా ఇల్లంతా ఫోన్‌లోనే కట్టాడు.

స్లాబు పోసిన నాడు మేస్త్రి ఎల్లస్వామి దిష్టిబొమ్మకు పాత బట్టలు అడిగాడు. కట్టే ఇంటి మీద నరదిష్టి పడకుండా గడ్డి కుక్కిన బొమ్మను ఎత్తున పెట్టడం అందరూ చేసేదే. మారయ్య భార్య నర్సింగమ్మ మొగుడి ఖాకీ జత ఒకటి, పేరుబిళ్లతో సహా ఇచ్చి పంపింది. తలకాయకు కుండ పెట్టి కండ్లూ మీసాలూ గీశారు. నిలబెడితే గాలికి పడుతోందని విరిగిన కుర్చీలో కూచోబెట్టి, స్లాబు అంచున రోడ్డు వైపు తిప్పారు. అంతటితో ఆగక కాలు మీద కాలు కూడా వేశారు. ఆ పని చేసిన చేతిని పట్టుకుని నాలుగు తగిలించాలి, సగం కథ అక్కడే చెడింది.

దిష్టిబొమ్మ ఉన్నదే లోకం చూపు తన మీదికి తిప్పుకోవడానికి. ఇది ఆ పని మరీ నిష్ఠగా చేసింది. కూలీలు దాన్ని చూసి బీడీలు ఆర్పేవాళ్లు. ఎల్లస్వామి సిమెంటు తక్కువ కలపబోయి, ఒకసారి పైకి చూసి, ఇంకో తట్ట పోసేవాడు. పక్కింటి గుర్వమ్మ వాకిలి ఊడుస్తూ "లేచినవా సారూ" అని పలకరించేది. ఎదురుగా కిరాణం దుకాణం మల్లయ్య షట్టరు ఎత్తగానే దానికో దండం పెట్టేవాడు. ఇల్లు పూర్తయ్యేదాకా రెండేండ్లు ఇట్లాగే నడిచింది.

గృహప్రవేశం అయింది. పాలు పొంగాయి, చుట్టాలు తిని వెళ్లారు. తెల్లారి మారయ్య కొత్త లుంగీ కట్టుకుని, గేటు ముందు కుర్చీ వేసుకుని, ఎవరు పలకరిస్తారా అని కూచున్నాడు. మల్లయ్య వచ్చాడు.

"ఏం అన్నా, కిరాయికి దిగినవా?" అన్నాడు.

"కిరాయేంది తమ్మీ. నాదే ఇల్లు."

మల్లయ్య జాలిగా నవ్వాడు. "ఓనర్ సారు పైన కూసున్నడు గద."

మారయ్య పైకి చూశాడు. తన ఖాకీ చొక్కా కాలు మీద కాలేసుకుని రోడ్డును చూస్తోంది.

"అది గడ్డిబొమ్మ," అన్నాడు.

"గడ్డిబొమ్మనే. కాదన్నమా? మాకు కండ్లు లెవ్వా? గని రెండేండ్ల సంది ఎండల, వానల కూసుండి ఇల్లు కట్టిచ్చింది గాయినె. నువ్వు మొన్న డీసీఎం బండిల సామాన్లేసుకోని దిగినవ్. నేనే ఓనర్నంటే ఎట్ల?"

బస్సులో టికెట్టు కొనని మొండిఘటాలతో వాదించి గెలిచిన మారయ్య ఈ మాటలో తప్పు పట్టబోయాడు. అందులో అబద్ధం లేదు మరి. లోపలికి పోయి రిజిస్ట్రేషన్ కాయిదాలు తెచ్చి మల్లయ్య ముందు పెట్టాడు.

"గిదేందన్నా, మారయ్య అని ఉన్నది గద," అన్నాడు మల్లయ్య. "సారు పేరు గూడ మారయ్యనే. అంగి మీద బిళ్ల సూడు."

ఆదివారం కాలనీ మీటింగు పెట్టారు. మారయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూచుంటే, కిరాయికున్నవాళ్లు వెనక కూచోవాలని లేపారు. మురుగు నీళ్ల మోరీ తవ్వే సంగతిలో ఓనరు సారు ఏమంటాడని చర్చ వచ్చింది. మౌనం అర్ధాంగీకారం అంటారు, సారు పూర్తిగా మౌనంగా ఉన్నాడు కాబట్టి పూర్తి అంగీకారమేనని తేల్చారు.

సొమ్మొకడిది సోకొకడిది అని గొణుక్కుంటూ మారయ్య ఇంటికొచ్చాడు. వాకిట్లో ముగ్గేస్తున్న నర్సింగమ్మ పైకొకసారి చూసి కొంగు సర్దుకోవడం అప్పుడే కంటబడింది.

"నువ్వు గూడనా?" అన్నాడు.

"ఏం జేయాలె, జర పెద్దమనిషి లెక్క కూసున్నడాయె," అంది ఆవిడ.

ఇక లాభం లేదని, ఇల్లు సొచ్చినాక దిష్టిబొమ్మను దించడం రివాజు కదా అని మారయ్య మల్లయ్యను నిలదీశాడు. రివాజు మాట వచ్చేసరికి మల్లయ్య తల వంచాడు. దించుదాం గానీ మర్యాదగా దించుదామన్నాడు. ఆ మర్యాదకు డప్పులొచ్చాయి, పూలదండలొచ్చాయి. గుర్వమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. చౌరస్తాలో కాల్చాలి కాబట్టి నిప్పుకుండ ఎవరు పట్టాలన్న ప్రశ్న వచ్చింది. సారు ఇంట్ల ఉన్నోడు ఇతనొక్కడే కదా అని కుండ మారయ్య చేతికిచ్చారు. తన చొక్కా వెనక వస్తుంటే మారయ్య నిప్పు పట్టుకుని ముందు నడిచాడు. ఒక లారీ డ్రైవరు బండి ఆపి, పోయిన మనిషి ఎవరో తెలియకపోయినా చేతులు జోడించాడు.

చొక్కా కాలిపోయింది. సంతోషం వస్తుందని మారయ్య ఎదురు చూశాడు గానీ రాలేదు.

అందరూ కాళ్లు కడుక్కుని మారయ్య వరండాలోనే కూచున్నారు. ఎంత మంచి మనిషి, ఒక్కనాడు గొంతు పెంచింది లేదని గుర్వమ్మ అంది. అవునవునన్నారు. బోసిపోయిన స్లాబు అంచును తలా ఒకసారి చూశారు. నర్సింగమ్మ చాయ పోసింది. మల్లయ్య కప్పు పక్కన పెట్టి మారయ్య భుజం మీద చెయ్యేశాడు.

"ఫికర్ జెయ్యకన్నా. సారు తరఫోళ్లు ఎవలన్న వచ్చి ఇల్లు ఖాళీ జెయ్యమంటే మాకో మాట జెప్పు. కాలనీ అంత వచ్చి నిలబడతం. నిన్ను గీ ఇంట్లకెల్లి ఎవ్వలు ఎల్లగొట్టలేరు."

ఇల్లు నాదిరా అనడానికే మారయ్య నోరు తెరిచాడు. కానీ నిన్ను ఎవ్వరూ వెళ్లగొట్టలేరన్న మాట ఇన్నేండ్ల బతుకులో ఎవరూ తనతో అనలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్రలు తీసుకున్నవాళ్లు కూడా అనలేదు. కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నిజంగనేనా తమ్మీ?" అన్నాడు.

"సచ్చేదాంక ఉండు," అన్నాడు మల్లయ్య.

మారయ్య అతని చేతులు రెండూ పట్టుకుని కండ్లకద్దుకున్నాడు.