పదహారు పళ్ళు, ఇరవై పళ్ళు

ఈ ఆదివారం కూడా తను కొండ ఎక్కలేకపోతే సైకిలు వాళ్ళ మామయ్యకి ఇచ్చెయ్యమని మా అమ్మాయి గురువారం సాయంత్రం చెప్పింది. అప్పుడు తను వంటింటి గట్టు మీద కూర్చుని, ఐసుముక్కలు కట్టిన గుడ్డ మోకాలి మీద అదుముకుంటోంది.

"అమ్మేసుకోమనండి. చేతనైనవాళ్ళెవరో తొక్కుకుంటారు."

"మోకాలు తగ్గాక చూద్దాంలే."

"మోకాలు కాదు నాన్నా. నాకు చేతకావట్లేదు. అంతే."

ఐసు కరిగి గట్టు మీదుగా నేల మీదకి కారింది. ఇద్దరం తుడవలేదు.

ఆ సైకిలు వాళ్ళమ్మది. కిందటి చలికాలంలో ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. వెళ్ళేముందు సైకిల్ని వరండాలో గోడకి ఎలా ఆనించి పెట్టిందో చాలాకాలం అలాగే ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు కూడా నేను దాన్ని కదపకుండానే తుడిచేవాణ్ణి. ఎండలు ముదురుతుండగా ఒకనాడు అమ్మాయి టైర్లలో గాలి కొట్టి, ఏమీ చెప్పకుండా బయటికి తీసుకెళ్ళింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం కొండ దగ్గరికి వెళ్తోంది. ప్రతి ఆదివారం మూడో మలుపు దగ్గర దిగి, నడిపించుకుంటూ వెనక్కి వస్తోంది.

అది ఫిక్స్‌డ్ గేర్ సైకిలు. మామూలు సైకిలు మీద కాళ్ళు ఆపినా చక్రం తన దారిన తాను తిరుగుతుంది. దీని మీద ఆ వీలు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళతోపాటు కాళ్ళూ తిరగాలి. గేరు మార్చే మీట ఉండదు. ముందు నలభై ఆరు పళ్ళ చక్రం, వెనక పదహారు పళ్ళ చక్రం, మధ్యలో గొలుసు. ఎక్కినా దిగినా అదే. చదును రోడ్డు మీద ఆ పదహారు హాయిగా సాగిపోతుంది. ఎత్తులో అదే పదహారుతో తొక్కడమంటే గోడని నెట్టడమే.

ఆవిడ ఉద్యోగం కొండ మీద. ఊరికి నీళ్ళు శుద్ధి చేసి పంపే కేంద్రం అక్కడుంది. అందులో పరీక్షశాల ఆవిడది. పొద్దున్నే ఎక్కేది, సాయంత్రం దిగేది. నేను బడిలో భూగోళం చెబుతాను. పటంలో ఆ కొండ ఎత్తు చూపే గీతలు మూడో మలుపు దగ్గర ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. పిల్లలకి దాన్ని చూపించి, గీతలు దగ్గరగా ఉంటే నిట్టనిలువు అని అర్థం అని చెబుతుంటాను. కాళ్ళతో నాకు అది తెలిసింది తక్కువ. ఒకటి రెండుసార్లు నా మామూలు సైకిలు మీద ఆవిడ వెంట బయల్దేరి, మొదటి మలుపులోనే దిగి నెట్టుకుంటూ వెళ్ళాను. "మీరు సైకిలు తొక్కరు, దాన్ని షికారుకి తీసుకెళ్తారు," అనేది ఆవిడ.

పదహారుతో ఆ కొండ ఎక్కే మనిషని ఆవిడకి పేరు. ఆ పేరు పెట్టింది ఆవిడ తమ్ముడు. సైకిళ్ళ షాపు అతనిది. ఆ సైకిలు కట్టింది కూడా అతనే. షాపుకి వచ్చిన ప్రతివాడికీ అక్క గురించి చెప్పేవాడు. ఆవిడ మాత్రం ఆ మాటని ఖండించగా నేను వినలేదు, ఒప్పుకోగా కూడా వినలేదు.

శుక్రవారం బడి అవగానే షాపుకి వెళ్ళాను. అతను ఒక పిల్లల సైకిల్ని తలకిందులు చేసి చక్రం వంకర తీస్తున్నాడు.

"రండి బావా. తుపాను పంపించిందా?" తుపాను అంటే మా అమ్మాయి.

"తనకి తెలీదు. వెనక పళ్ళచక్రం పెద్దది వెయ్యొచ్చా అని అడుగుదామని వచ్చాను. తన మోకాలు బాలేదు. ఎక్కడం తేలికవుతుంది కదా."

"అవుతుంది. దిగేటప్పుడో? మామూలు సైకిలు కాదు గదా, కాళ్ళు ఆపి కూర్చోడానికి. పళ్ళచక్రం పెద్దదయితే దిగేటప్పుడు పెడళ్ళు గిరగిరా తిరుగుతాయి. మిక్సీలో కాళ్ళు పెట్టినట్టే. ఎక్కడానికి సుఖమైంది దిగడానికి నరకం, దిగడానికి బాగున్నది ఎక్కడానికి నరకం. ఏదో ఒకటి కట్టుకుని కాపురం చెయ్యాలి."

నేను పటంలో గీతల సంగతి ఎత్తి, ఆ వాలుకి సరిపోయే మధ్యరకం లెక్క ఏదైనా ఉంటుందేమో అన్నాను.

"మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టకండి బావా. అసలే మోకాలు బాలేదంటున్నారు." చక్రం తిప్పి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. "అయినా మీరు కొత్తది కొననక్కర్లేదు. అక్క సైకిలు వెనక చక్రానికి రెండోవైపు ఇరవై పళ్ళది ఉంది. చక్రం ఊడదీసి అటుదిటు తిప్పి వేసుకుంటే సరి. అక్కే వేయించుకుంది. 'ఉండనీరా, ఎప్పుడైనా పనికొస్తుంది' అంది. ఎప్పుడూ వాడలేదనుకోండి."

"నీకెలా తెలుసు?"

"మా అక్క సంగతి నాకు తెలీదా? తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఇప్పుడు ఆవిడ కూతురు. మీరే చెప్పండి, ఇరవై వైపు తిప్పుకోమని."

"చెబితే వినదు. అమ్మ వాడనిది తనెందుకు వాడాలంటుంది."

"నేను చెప్పానంటే నన్నే కొడుతుంది," అన్నాడు. అతను కళ్ళు తుడుచుకోబోయి, చేతికి గ్రీజు ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకున్నాడు.

శనివారం అమ్మాయి కాలేజీకి వెళ్ళాక సైకిల్ని వరండా మధ్యకి తెచ్చాను. సోమవారం అది మా ఇంట్లో ఉండకపోవచ్చు. ఇచ్చేదేదో శుభ్రంగా ఇద్దామనిపించింది. కిరసనాయిలు, పాత బనియన్ ముక్క, ఆవిడ సంచీలోంచి పానా తీసుకున్నాను. ఆ పానా ఎప్పుడూ ఆవిడ సంచీలోనే ఉండేది. ఎందుకని అడిగితే, "పంక్చరైతే మీరొచ్చి ఊడదీస్తారా?" అనేది. ఆవిడకి పంక్చరైన సందర్భాలు నాకు పెద్దగా గుర్తులేవు. పానా పిడి మాత్రం నున్నగా అరిగి ఉంది.

నట్లు వదులు చేసి వెనక చక్రం తీశాను. పదహారు పళ్ళ వైపు తుడిచి, చక్రం అటు తిప్పి, వాడని ఇరవై కూడా తుడుద్దామనుకున్నాను. ఎప్పుడూ గొలుసు పడని పళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు. షాపులో మేకులకి వేలాడుతూ కనిపిస్తాయి, మొద్దుగా, అంచులు చదునుగా. ఇవి అలా లేవు. పక్కలు అరిగి తళతళలాడుతున్నాయి. పళ్ళ మొదళ్ళలో గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంది.

అప్పుడు ఫ్రేము చూశాను. చక్రం ఇరుసు కూర్చునే చోట రెండు వైపులా పొడుగాటి గాడి ఉంటుంది. నట్టు కింద వాషరు బిగిసిన చోట రంగు గుండ్రంగా లేచిపోతుంది. పదహారు వేసినప్పుడు గొలుసు బిగువు కోసం చక్రాన్ని గాడిలో వెనక్కి లాగి బిగించాలి. అక్కడ ఒక గుండ్రటి మచ్చ ఉంది. దానికి కాస్త ముందు, ఇరవై వేస్తే చక్రం కూర్చోవలసిన చోట, ఇంకో మచ్చ ఉంది. రెండు మచ్చల్లోనూ ఇనుము సమానంగా కనిపిస్తోంది.

నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను.

అంటే ఆవిడ పొద్దున ఇంటి దగ్గర పదహారుతో బయల్దేరి, కొండ కింద దిగి, చక్రం తీసి, అటుదిటు వేసి, ఇరవైతో ఎక్కేది. సాయంత్రం కొండ మీద మళ్ళీ తీసి, పదహారుకి మార్చుకుని దిగేది. అందుకే ఇంటికి వచ్చేసరికి గోళ్ళ నిండా నలుపు. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా తెల్ల తువ్వాలు ఒక్కటీ తెల్లగా లేదు. గొలుసు ఊడిందేమో అనుకునేవాణ్ణి. "ముందు సబ్బుతో కడుక్కో, తర్వాత తుడుచుకో," అని రోజూ చెప్పేవాణ్ణి. "సరే మాస్టారూ," అని రోజూ తువ్వాలుకే తుడుచుకునేది.

ఈ సంగతి అమ్మాయికి చెప్పాలా వద్దా అన్నది నాకు వెంటనే తేలలేదు. చెప్పకపోతే సైకిలు పోతుంది, మోకాలూ పోవచ్చు. చెబితే, తను ఇన్ని ఆదివారాలుగా పట్టుకుని వేలాడుతున్న అమ్మ పోతుంది. ఉన్న అమ్మ ఎలాగూ పోయింది. మిగిలింది ఆ పేరొకటే. పైగా ఆవిడే చెప్పనిది చెప్పడానికి నేనెవరిని?

చక్రం మళ్ళీ ముందున్నట్టే, పదహారుకే బిగించాను. పానా ఆవిడ సంచీలో పెట్టలేదు. నా సంచీలో పెట్టుకున్నాను.

ఆదివారం తెల్లవారాక నేనూ వస్తానన్నాను. అమ్మాయి నా వంక, నా సైకిలు వంక చూసింది.

"షికారుకా?"

"షికారుకే."

కొండ కింద బస్సుల కోసం వేసిన సిమెంటు బల్ల ఉంది. తను అక్కడ ఆగి, హెల్మెట్ బిగించుకుంది. నేను వెనకబడి, రొప్పుతూ చేరుకున్నాను. తను కాలు పెడల్ మీద పెట్టింది.

"ఒక్క నిమిషం దిగు," అన్నాను.

"వద్దు నాన్నా. ఇప్పుడు మోకాలి గురించి క్లాసు పీకకండి."

"క్లాసు కాదు. ఒకటి చూసి వెళ్ళు."

దిగింది. నేను వంగి గాడి చూపించాను. వెనక మచ్చ మీద నట్టు ఉంది. ముందు మచ్చ ఖాళీగా ఉంది. తర్వాత ఇరవై పళ్ళు చూపించాను. తను వేలితో ఒక పన్ను పక్కని తడిమింది. మళ్ళీ మచ్చ చూసింది. నేను సంచీలోంచి పానా తీసి బల్ల మీద పెట్టాను.

"ఇక్కడ మార్చేదా?" అంది.

"ఇక్కడే అనుకుంటాను."

"రోజూ?"

"అరుగుదల చూస్తే రోజూ."

తన మొహం ఎర్రబడింది. "మరి మామయ్య అలా ఎందుకు చెప్పాడు? అమ్మ ఎందుకు చెప్పనిచ్చింది? నేను ఇక్కడ చచ్చీ చెడీ… అబద్ధం కదా ఇది!"

"మామయ్యకి తెలీదు. మీ అమ్మ నాతో కూడా ఎప్పుడూ పదహారుతో ఎక్కానని అనలేదు. ఎక్కానంది, అంతే. ఎక్కింది కూడా."

తను చాలాసేపు అటువైపు తిరిగి నిలబడింది. ఒక బస్సు వచ్చి ఆగింది, ఎవరూ ఎక్కలేదు, వెళ్ళిపోయింది. ఆ తర్వాత తన భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. ఇటు తిరిగాక తెలిసింది, నవ్వుతోంది. ఏడుపు కూడా ఉంది గానీ నవ్వే ఎక్కువ.

"ఎంత దొంగ నాన్నా అమ్మ!"

"ఆ మాట నేననలేను. నువ్వనొచ్చు."

పానా తనే తీసుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. గొలుసు తియ్యకుండా చక్రం లాగబోయి ఇరికించుకుంది. బిగించాక చక్రం వంకరగా కూర్చుంది, మళ్ళీ వదులు చేసింది. వాళ్ళమ్మ ఈ పని ఎంతసేపట్లో చేసేదో నాకు తెలీదు. తనకి చాలాసేపే పట్టింది. చివరికి నట్టు ముందు మచ్చ మీద సరిగ్గా కూర్చుంది.

తను వెళ్ళింది. నేను నా సైకిల్ని నెట్టుకుంటూ వెనక బయల్దేరాను. మూడో మలుపు కింద నుంచి కనిపిస్తుంది. తను సీటు మీంచి లేచి, హ్యాండిల్ అటూ ఇటూ ఊగిస్తూ, నడిచే మనిషికన్నా మెల్లగా వెళ్తోంది. ఒకచోట ఆగిపోయిందనే అనుకున్నాను. ఆగలేదు. మలుపు దాటి కనబడకుండా పోయింది.

నేను చేరేసరికి శుద్ధి కేంద్రం ప్రహరీ పక్కన సైకిలు తలకిందులుగా ఉంది. తను చక్రాన్ని పదహారు వైపు మార్చుకుంటోంది. ఈసారి గొలుసు ముందే తీసింది.

"మోకాలు?" అన్నాను.

"ఉంది," అంది. "మీ షికారు ఎలా జరిగింది?"

"బాగానే జరిగింది."

దిగేటప్పుడు తను ముందు వెళ్ళింది. కాళ్ళు ఆపడానికి వీల్లేక, చక్రం తిప్పినట్టల్లా కాళ్ళు తిప్పుతూ, ఒక చెయ్యి బ్రేకు మీద. నేను నా సైకిలు మీద కాళ్ళు ఆపుకుని, కూర్చుని దిగాను.

నేను ఇంటికి చేరేసరికి తను అప్పటికే సైకిల్ని గోడకి ఆనించి లోపలికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినిపించింది, వెంటనే ఆగింది. అంత తొందరగా ఆ నలుపు పోదని నాకు తెలుసు.

"ఆ తువ్వాలుకి తుడవకు," అన్నాను వరండాలోంచే. "ముందు సబ్బుతో కడుక్కో."

తను తలుపు దగ్గరికి వచ్చింది. తువ్వాలు చేతుల్లోనే ఉంది.

"అమ్మకీ ఇలాగే చెప్పేవారు కదా."

"చెప్పేవాణ్ణి," అన్నాను. "ఆవిడా వినలేదు."